టూల్ వివరణలో రాయనిది మోడల్‌కి తెలియదు

(హైదరాబాద్ మాదాపూర్‌లో డెవలపర్ల కోసం ఒక సాయంత్రం జరిగిన సమావేశంలోని ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతా మాటలు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వినిపిస్తోందా? ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి, ఎవరినీ లేపి ప్రశ్నలు అడగను. సైబర్ టవర్స్ దగ్గర ఇరుక్కున్నామని ఇంకా మెసేజ్‌లు వస్తున్నాయి. వాళ్లొచ్చేలోపు సులువైన భాగం అయిపోగొట్టేద్దాం.

టూల్ అంటే ఏంటి? చాలామందికి తెలుసు, తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లాంగ్వేజ్ మోడల్, అంటే చాట్‌జీపీటీ లాంటివాటి వెనక ఉండేది, తనంతట తాను వెళ్లి డేటాబేస్ తెరిచి చూడలేదు. మనమే దానికి చెప్తాం, ఇదిగో ఈ పేరుతో ఒక టూల్ ఉంది, ఇది ఈ పని చేస్తుంది, దీనికి ఈ వివరాలు కావాలి అని. అది చదివి, ఏ టూల్ కావాలో, ఏ విలువలు పంపాలో మోడల్ రాసిస్తుంది. నిజంగా ఏపీఐని, అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని డేటా అడిగే దారిని, పిలిచేది మన కోడే. వచ్చిన జవాబు తీసుకెళ్లి మళ్లీ మోడల్ ముందు పెడతాం. ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో ఫంక్షన్ కాలింగ్ అని దీన్ని తన ఏపీఐలో పెట్టింది. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ఎంసీపీ, అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, బయటపెట్టింది, దాంతో ఎవరి టూల్స్‌నైనా ఎవరి ఏజెంట్‌కైనా, అంటే మోడల్‌తో పనులు చేయించే ప్రోగ్రామ్‌కైనా, తగిలించడం తేలికైంది. పద్ధతి ఏదైనా లోపల ఉండేది ఇంతే, ఒక పేరు, ఒక వివరణ, ఇన్‌పుట్‌లు ఎలా ఉండాలో చెప్పే ఒక స్కీమా.

ఇప్పుడు ఒక ప్రశ్న. మీరు రాసిన కోడ్ మోడల్‌కి కనిపిస్తుందా? కనిపించదు. మీ టేబుల్? అదీ కనిపించదు. మీ టీమ్‌లో సీనియర్ ఎప్పుడో టీ తాగుతూ "ఆ కాలమ్ ముట్టుకోకండి, అది పాత లెక్క" అన్నాడు చూడండి, ఆ మాట? అది మీ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకే తెలియదు, మోడల్‌కి ఎక్కడ తెలుస్తుంది! దానికి కనిపించేవి ఆ పేరు, ఆ వివరణ, ఆ స్కీమా. అంతే. పైథాన్‌లో ఎంసీపీ సర్వర్, అంటే టూల్స్ అందించే ప్రోగ్రామ్, రాసినవాళ్లు ఉన్నారా ఇక్కడ? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. మీరు ఫంక్షన్ కింద అది ఏం చేస్తుందో మామూలు మాటల్లో రాసే డాక్‌స్ట్రింగ్ ఉంది కదా, అదే తిన్నగా వెళ్లి టూల్ వివరణ అయిపోతుంది. ఇన్నాళ్లూ ఎవరూ చదవరులే అని ఒక లైన్ రాసి వదిలేసేవాళ్లం. ఇప్పుడు ప్రతి పిలుపుకీ ముందు దాన్ని చదివేవాడొకడు తయారయ్యాడు.

సరే, అసలు విషయం. తెర మీద చూడండి. ఇంగ్లిష్‌లో ఉంది, నేను తెలుగులో చదువుతాను. టూల్ పేరు గెట్ డేటా. వివరణ, "మార్కెట్ ధరల డేటా తెస్తుంది." పారామీటర్లు రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, తేదీ. అన్నీ స్ట్రింగ్‌లే, అంటే ఏ అక్షరాలు రాసినా పట్టేవే. ఎలా ఉంది? బాగుందా? తల ఊపుతున్నారు కొందరు. ఇందులో అబద్ధం ఏమీ లేదు, నిజంగానే అది మార్కెట్ ధరల డేటా తెస్తుంది. కానీ దీన్ని చదివి ఎవరూ సరిగ్గా పని చేయలేరు.

ఈ డేటా ఏంటో చెప్తాను, ఇవాళ మొత్తం దీని చుట్టూనే తిరుగుదాం. కేంద్ర ప్రభుత్వానికి డేటా డాట్ గవ్ డాట్ ఇన్ అనే ఓపెన్ డేటా పోర్టల్ ఉంది, 2012 నుంచీ ఉంది. అందులో కేంద్రం నడిపే వ్యవసాయ మార్కెట్ల సమాచార వ్యవస్థ అగ్‌మార్క్‌నెట్ నుంచి వచ్చే రోజువారీ మార్కెట్ యార్డుల ధరలు ఏపీఐలో దొరుకుతాయి. రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, తేదీ, తర్వాత మూడు ధరలు, కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర. ఈ మోడల్ వేరు, మన మోడల్ వేరు, కంగారుపడకండి. పేపర్లో వ్యవసాయ పేజీలో చూసే ఉంటారు, ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకి పోయిందో ఆ ధర. సగటు కాదు. సగటు కాదు అని రెండుసార్లు ఎందుకు చెప్తున్నానంటే, వివరణలో ఈ ముక్క రాయకపోతే మోడల్ మీ యూజర్‌కి "సగటు ధర" అని చెప్పేస్తుంది, ఎంతో నమ్మకంగా.

మొదట కొలత. ఈ ధరలన్నీ క్వింటాలుకి, అంటే వంద కిలోలకి. జవాబులో 1,500 అని అంకె వస్తుంది, పక్కన ఏమీ ఉండదు. యూజర్ అడిగింది "టమాటా ఎంత ఉంది?" అని. మోడల్ కిలో 1,500 రూపాయలు అందనుకోండి, యూజర్ నవ్వుకుంటాడు, మనకి స్క్రీన్‌షాట్ పంపిస్తాడు, మనం సరిచేస్తాం. అది మంచి తప్పు. నేను భయపడేది నవ్వురాని తప్పుల గురించి. అంకె సబబుగా ఉంటుంది, వాక్యం చక్కగా ఉంటుంది, ఎక్కడా ఎర్రర్ రాదు, కానీ జవాబు తప్పు. డేటా ఏపీఐలతో అసలు టెన్షన్ ఇదే. ఈమెయిల్ పంపే టూల్ తప్పుగా పనిచేస్తే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. డేటా తెచ్చే టూల్ తప్పుగా పనిచేస్తే రిపోర్ట్ తయారై, పీడీఎఫ్ అయ్యి, మీటింగ్‌కి వెళ్లిపోతుంది.

తేదీ చూడండి. ఈ డేటాలో రోజు ముందు, తర్వాత నెల, తర్వాత సంవత్సరం. మోడల్‌కి ఏమీ చెప్పకపోతే అది తరచుగా సంవత్సరం ముందు పెట్టి రాస్తుంది, ఒక్కోసారి అమెరికా పద్ధతిలో నెల ముందు పెడుతుంది. ఇప్పుడు 05/06/2025 అని వెళ్లింది. జూన్ 5 ఆ, మే 6 ఆ? రెండూ నిజమైన తేదీలే, రెండింటికీ డేటా ఉంటుంది, ఎర్రర్ రాదు. అదే 25/06 అయితే, దాన్ని తిరగేసి చదివితే ఇరవై అయిదో నెల అవుతుంది కాబట్టి వెంటనే పగిలిపోతుంది. అంటే ఏంటి? ఈ బగ్ నెలలో 13వ తేదీ నుంచి బయటపడుతుంది, మొదటి 12 రోజులూ నిశ్శబ్దంగా తప్పు డేటా ఇస్తుంది. నెలాఖరున టెస్ట్ చేసినవాడు అన్నీ సరిచేశాననుకుంటాడు! అందుకని పారామీటర్ వివరణలో "తేదీ" అని రాసి ఊరుకోకండి. ఏ వరసలో, ఉదాహరణతో రాయండి. ఆ ఉదాహరణలో రోజు 12 కన్నా పెద్దదిగా పెట్టండి. 05/06 అని ఉదాహరణ ఇస్తే ఇవ్వనట్టే.

పేర్లకి వద్దాం, హైదరాబాద్‌లో ఇది ఇంకా మజాగా ఉంటుంది. యూజర్ అడుగుతాడు, "మలక్‌పేటలో ఉల్లిగడ్డ రేటు ఎంత?" మలక్‌పేట మార్కెట్ ఎక్కడుందో మనందరికీ తెలుసు. కానీ డేటాలో ఆ మార్కెట్ మహబూబ్ మాన్షన్ పేరు మీద ఉంటుంది. పాతబస్తీ వైపు పెరిగినవాళ్లు వెంటనే పట్టేస్తారు. మోడల్ ఏం చేస్తుంది? మార్కెట్ దగ్గర మలక్‌పేట అని పెట్టి పంపిస్తుంది. ఏపీఐ ఎర్రర్ ఇస్తుందా? ఇవ్వదు. ఖాళీ లిస్టు ఇస్తుంది, సక్సెస్ కోడ్‌తో సహా.

ఈ ఖాళీ లిస్టు దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నేను చూసిన వివరణల్లో దాదాపు ఎవరూ రాయనిది ఇదే. ఖాళీ వచ్చింది. ఎందుకు వచ్చింది? పేరు తప్పు కావచ్చు. మార్కెట్ ఆ రోజు సెలవు కావచ్చు. మార్కెట్ నడిచింది కానీ వివరాలు ఇంకా ఎక్కించలేదు కావచ్చు. లేదా నిజంగానే ఆ సరుకు రాలేదు. ఇన్ని కారణాలకీ జవాబు ఒకటే, ఖాళీ. మోడల్ వీటిలో ఏది ఎంచుకుంటుంది? కథలాగా చెప్పడానికి ఏది బాగుంటే అది. "ఈ రోజు మలక్‌పేట మార్కెట్‌కు ఉల్లి రాలేదు" అంటుంది. వినడానికి ఎంత బాగుంది చూడండి! దాని మీద ఇంకో ఏజెంట్ ఉంటే, "సరుకు రాలేదు కాబట్టి ధర పెరిగే అవకాశం ఉంది" అని దానికో తోక తగిలిస్తుంది.

కాబట్టి వివరణలో రాయండి. "ఖాళీ జవాబు అంటే ఆ వడపోతకి సరిపోయే రికార్డు లేదని మాత్రమే అర్థం. సరుకు రాలేదని చెప్పవద్దు. ముందు మార్కెట్ పేరును మార్కెట్ల జాబితా టూల్‌తో సరిచూడాలి. పేరు సరైనదే అయితే గత కొన్ని రోజుల తేదీలతో ప్రయత్నించి, దొరికిన తేదీని జవాబులో చెప్పాలి." నాలుగు వాక్యాలు. మిగతా వివరణ అంతా కలిపి చేసే మేలు ఈ నాలుగు వాక్యాలు ఒక్కటే చేస్తాయని నా నమ్మకం.

మనూళ్లో అడ్రస్ ఎలా చెప్తాం? పిల్లర్ నంబర్ ఫలానా, దాని పక్క గల్లీ. అవునా కాదా? చెప్పేవాడికి అది మెట్రో పిల్లరా, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లరా అన్నది చెప్పాల్సిన విషయం అనే తట్టదు, ఎందుకంటే వాడు అక్కడే నిలబడి ఉన్నాడు. డెలివరీ అబ్బాయి తప్పు పిల్లర్ దగ్గరికి వెళ్తే ఫోన్ చేస్తాడు, "అన్నా, ఎక్కడ?" అని. మోడల్ ఫోన్ చేయదు. ఆ తప్పు పిల్లర్ పక్కన ఏ గల్లీ ఉంటే ఆ గల్లీలోకి వెళ్లి, అక్కడెవరికో పార్సెల్ ఇచ్చి, డెలివర్డ్ అని మెసేజ్ పెడుతుంది.

ఇంకో రకం చూద్దాం, ఇది తెలంగాణ డేటాతో పనిచేసే అందరికీ తగిలేదే. జిల్లా అనే పారామీటర్. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చినప్పుడు మనకి 10 జిల్లాలు. 2016 అక్టోబర్‌లో 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ అయ్యింది, వరంగల్ రూరల్ వరంగల్ అయ్యింది. ఇప్పుడు మీ టూల్‌లో జిల్లా అంటే వరంగల్ అని వచ్చింది. ఏ వరంగల్? ఏ సంవత్సరపు వరంగల్? 2011 జనాభా లెక్కల్లో రంగారెడ్డి జిల్లా జనాభా సుమారు 53 లక్షలు. అప్పటి రంగారెడ్డిలో ఇప్పటి మేడ్చల్ మల్కాజిగిరి ఉంది, వికారాబాద్ ఉంది. ఇప్పటి హద్దులతో అదే 2011 లెక్క తీస్తే సగం కన్నా తక్కువ. ఒకే పేరు, ఒకే సంవత్సరపు లెక్క, రెండు అంకెలు, రెండూ కరెక్టే. ఎవరైనా తలసరి ఏదో లెక్క వేయమని ఏజెంట్‌ని అడిగారనుకోండి. పైన కొత్త జిల్లా ఖర్చు, కింద పాత జిల్లా జనాభా. జవాబు రెండు దశాంశ స్థానాలతో వస్తుంది, ఆ దశాంశాలు చూసి మనం నమ్మేస్తాం.

స్టేట్ కోడ్ అని ఇంకోటి ఉంటుంది. 28 అంటే ఏ రాష్ట్రం? 2011 జనాభా లెక్కల్లో అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, అంటే అందులో మనమూ ఉన్నాం. జీఎస్టీలో చూస్తే తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. "స్టేట్ కోడ్, ఇంటీజర్" అని స్కీమాలో పెట్టి వదిలేస్తే మోడల్ తనకి ఏది గుర్తుంటే అది పెడుతుంది. ఏ పద్ధతి కోడో రాయండి, లేదంటే కోడే వద్దు, పేరు తీసుకుని లోపల మీరే మార్చుకోండి. నాకు రెండోదే ఇష్టం.

అసలు ఇదే ఇంకాస్త గట్టిగా చెప్తాను. ఒక పారామీటర్‌ని వివరించడానికి పేరా రాయాల్సి వస్తోందంటే, సమస్య మీ వాక్యంలో లేదు, ఆ పారామీటర్‌లో ఉంది. విలువలు కొన్నే ఉంటే స్కీమాలో ఈనమ్‌గా, అంటే వీటిలోంచే ఎంచుకోవాలి అనే జాబితాగా, పెట్టేయండి, మోడల్ ఊహించుకునే అవసరమే రాదు. కిలో ధర కావాలంటే వంద పెట్టి భాగించే పని మోడల్‌కి ఇవ్వకండి, మీ కోడ్‌లో చేసి, ఫీల్డు పేరులోనే కిలోకి రూపాయల్లో అని వచ్చేలా పెట్టండి. వివరణలో "దయచేసి వందతో భాగించండి" అని రాసి, అది ఎప్పుడూ పాటిస్తుందని నమ్మడం ఎందుకు?

ఇంకా ముఖ్యమైనది లిమిట్. డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమూనా కీతో, అంటే ప్రయత్నించి చూడటానికి ఇచ్చే కీతో, పిలిస్తే గరిష్ఠంగా 10 రికార్డులే వస్తాయి. జవాబులో మొత్తం ఎన్ని ఉన్నాయో వేరే ఫీల్డులో ఉంటుంది, కానీ ఆ ఫీల్డు ఉందని ఎవరు చెప్పాలి? మనమే. చెప్పకపోతే మోడల్ ఆ పది వరసలు చూసి "తెలంగాణ మొత్తంలో అత్యధిక ధర ఫలానా మార్కెట్‌లో" అంటుంది. పది వరసల్లో అత్యధికం అది. పదకొండో వరసలో ఏముందో దేవుడికే తెలియాలి. వివరణలో, "మొత్తం అన్న అంకె వచ్చిన రికార్డుల కన్నా ఎక్కువ ఉంటే జవాబు అసంపూర్ణం. పోలికలు, సగటులు చెప్పే ముందు మిగతా పేజీలు తేవాలి" అని రాయండి. అన్ని పేజీలూ తెస్తే కాంటెక్స్ట్, అంటే మోడల్ ఒకేసారి చూడగలిగినంత చోటు, నిండిపోతుంది అంటారా? నిజమే. అలాంటప్పుడు లెక్క మీ వైపే చేసి ఒక్క అంకె ఇచ్చే టూల్ వేరే రాయడం మేలు. మూడు వేల వరసలు మోడల్ ముందు పోసి కూడమనడం న్యాయం కాదు.

టూల్ ఏం చేయదో కూడా రాయండి. ఇది మనకి అలవాటు లేని పని, మనం ఎప్పుడూ ఏం చేస్తుందో చెప్పుకుంటాం. మెహదీపట్నంలో ఉండే ఆవిడ అడుగుతుంది, "రైతుబజార్లో టమాటా ఎంత ఇవాళ?" ఈ టూల్‌లో ఉండేది టోకు మార్కెట్ యార్డుల ధర. రైతుబజార్ ధర చిల్లర ధర, అది ఇందులో లేదు. మోడల్‌కి ఆ తేడా చెప్పకపోతే బోయిన్‌పల్లి యార్డు ధర తీసుకొచ్చి మెహదీపట్నం రైతుబజార్ ధర అని చెప్తుంది, ఆవిడ అది పట్టుకుని వెళ్లి కూరగాయలాయనతో గొడవ పెట్టుకుంటుంది. "రైతుబజార్, సూపర్‌మార్కెట్ లాంటి చిల్లర ధరల ప్రశ్నలకు దీన్ని వాడవద్దు. టోకు ధర చెప్పాల్సి వస్తే అది టోకు ధర అని స్పష్టంగా చెప్పాలి." ఇంతే.

మిర్చి కూడా అంతే. "మిర్చి రేటు ఎంత?" అని హైదరాబాద్‌లో కూరకి కొనేవాడు అడిగితే పచ్చిమిర్చి. వరంగల్ ఎనుమాముల యార్డుకో ఖమ్మం యార్డుకో సరుకు తోలే రైతు అడిగితే ఎండుమిర్చి. డేటాలో రెండూ వేర్వేరు సరుకులు, ధరలకి పొంతనే ఉండదు. ఇక్కడ వివరణలో నేను రాసేది, "మిర్చి అని మాత్రమే అడిగితే పచ్చిదో ఎండుదో యూజర్‌ని అడగాలి, ఊహించవద్దు." అడగమని చెప్తే మోడల్ చాలావరకు అడుగుతుంది. చెప్పకపోతే అరుదుగా అడుగుతుంది.

ఒకదాన్నొకటి పోలిన టూల్స్ గురించి త్వరగా చెప్పేస్తాను. గెట్ డేటా, ఫెచ్ డేటా, సెర్చ్ డేటా, ఈ మూడూ ఒకే సర్వర్‌లో చూశాను. మనిషికే తేడా తెలియనప్పుడు మోడల్‌ని ఏమంటాం? పేరులోనే విషయం ఉండాలి, మార్కెట్ యార్డు రోజువారీ ధరలు, మార్కెట్ల జాబితా, సరుకుల జాబితా, ఇలా. ఒక టూల్ వివరణలో రెండో టూల్ పేరు చెప్పండి, "సరుకు పేరు తెలియకపోతే ముందు ఆ టూల్ వాడాలి" అని. స్వాగర్ ఫైల్ నుంచి, అంటే ఏపీఐలో ఏమేం ఉన్నాయో రాసిపెట్టే ఫైల్ నుంచి, ఆటోమేటిక్‌గా టూల్స్ తయారుచేసేవాళ్లకి ఒక మనవి. అందులోని వివరణలు డెవలపర్ కోసం రాసినవి, ఎండ్‌పాయింట్‌కి, అంటే ఏపీఐలోని ఒక్కో చిరునామాకి, ఒకటి చొప్పున గుత్తగా దింపేస్తే పనికిరాని టూల్స్ గుంపు తయారవుతుంది. యూజర్లు అడిగే ప్రశ్నలకి ఎన్ని కావాలో అన్నే పెట్టండి.

ఎర్రర్ మెసేజ్‌లు కూడా వివరణలో భాగమే అనుకోండి. మోడల్ వాటినీ చదువుతుంది కదా. "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని పంపితే అదే విలువ మళ్లీ పంపుతుంది, లేదా అలిసిపోయి సొంతంగా జవాబు అల్లుతుంది. అదే "మలక్‌పేట అనే మార్కెట్ లేదు, హైదరాబాద్ జిల్లాలో ఉన్న మార్కెట్లు ఇవి" అని పేర్లిచ్చారనుకోండి, రెండో పిలుపు సరిగ్గా వస్తుంది. ఇందాక ఖాళీ లిస్టు గురించి అంతసేపు చెప్పాను కదా, అందులో సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది, పేరు తప్పైతే ఖాళీ ఇవ్వకుండా ఎర్రర్ ఇవ్వడం.

భద్రత గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. వేరేవాళ్ల ఎంసీపీ సర్వర్ తగిలించుకునే ముందు దాని టూల్ వివరణలు మీరు చదవండి. వివరణ పేరుతో అందులో ఆదేశాలు దాచొచ్చు, మీ మోడల్ వాటిని బుద్ధిగా పాటించొచ్చు. అలాగే ఎంసీపీలో రీడ్ ఓన్లీ హింట్ అని ఒక గుర్తు పెట్టుకోవచ్చు. అది హింట్ మాత్రమే, తాళం కాదు. రాయకూడని చోట రాయకుండా ఆపేది మీ ఏపీఐ కీకి ఇచ్చిన అనుమతులే.

ఇక పరీక్షించడం ఎలా? చివరి జవాబు చూసి మురిసిపోకండి. ఏ టూల్ పిలిచింది, ఏ విలువలు పంపింది, లాగ్‌లో అది చూడండి. జవాబు కరెక్ట్‌గా ఉండి పిలుపు తప్పుగా ఉండటం మామూలే, ఆ రోజుకి అదృష్టం బాగుంది అంతే. ప్రశ్నలు మీరు కూర్చుని రాయకండి, మీరు రాస్తే మార్కెట్ పేరు, సరుకు పేరు, తేదీ అన్నీ పొందికగా వస్తాయి, ఎందుకంటే మీకు స్కీమా తెలుసు. ఇంట్లో అమ్మని అడగండి, ఊళ్లో బాబాయిని అడగండి. "మొన్న బుధవారం బోయిన్‌పల్లిలో టమాటా ఎట్లుండె?" అంటారు. ఆ "మొన్న బుధవారం" కోసం మోడల్‌కి ఇవాళ్టి తేదీ తెలియాలి, మన టైమ్‌జోన్‌లో తెలియాలి. సర్వర్ యూటీసీలో, అంటే మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే సమయంలో, ఉంటే మన తెల్లవారుజాము అయిదున్నర వరకు దానికి ఇంకా నిన్నే. మార్కెట్ యార్డులు లేచేదే ఆ టైముకి! ఇలాంటివి మీ సొంత ప్రశ్నల్లో రావు.

తప్పు దొరికినప్పుడు వివరణలో ఒక్క వాక్యం మార్చి, ప్రశ్నలన్నీ మళ్లీ నడపండి. అయిదు వాక్యాలు ఒకేసారి మార్చి, బాగుపడింది అంటే, దేనివల్ల బాగుపడిందో మీకూ తెలియదు.

సరే, ప్రశ్నలు తీసుకుందాం.

ఆ నీలం చొక్కా తమ్ముడు అడుగుతున్నాడు, "అన్నా, వివరణ తెలుగులో రాయొచ్చా?" అని. రాయొచ్చు, మోడళ్లకి అర్థమవుతుంది. నేనైతే ఇంగ్లిష్‌లోనే రాస్తాను, కారణం సింపుల్. ఫీల్డుల పేర్లు, డేటాలోని విలువలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, పైగా అదే విషయానికి తెలుగు చాలా టోకెన్లు, అంటే మోడల్ చదివే చిన్న ముక్కలు, తింటుంది, వివరణ ప్రతి పిలుపుతోనూ వెళ్తుంది కదా. కానీ యూజర్లు వాడే తెలుగు పేర్లు మాత్రం తప్పకుండా లోపల పెట్టండి. బెండకాయకి ఈ డేటాలో భిండీ అని ఉండి, పక్కన బ్రాకెట్‌లో లేడీస్ ఫింగర్ అని ఉంటుంది. ఆ బ్రాకెట్‌తో సహా అక్షరం పొల్లుపోకుండా పంపితేనే రికార్డులు వస్తాయి. బెండకాయ అంటే ఇది అనే పట్టిక మీ కోడ్‌లో ఉంటే ఇంకా మంచిది.

మేడమ్ అడిగింది పొడవు గురించి. ఇంత రాస్తే టోకెన్ల ఖర్చు కాదా? అవుతుంది. అందుకే అలంకారం తీసేయండి. "ఈ శక్తిమంతమైన టూల్ మీకు సమగ్రమైన" అని మొదలయ్యే వాక్యాలు నేను ఎన్నో చూశాను, అవి ప్రాజెక్ట్ ప్రపోజల్‌లో పెట్టుకోండి. కొలతలు, తేదీ వరస, ఖాళీకి అర్థం, ఎప్పుడు వాడకూడదు, ఇవి ఉంచండి. అరడజను టూల్స్ ఉన్నచోట ఒక్కోదానికి పది పన్నెండు లైన్లు ఏమీ ఎక్కువ కాదు. వంద టూల్స్ ఉన్నచోట అయితే వివరణలు కుదించే ముందు టూల్స్ తగ్గించండి.

వెనక నుంచి ఆఖరి ప్రశ్న, "ఏపీఐ మాది కాదు, రేపు వాళ్లు ఫీల్డు మార్చేస్తే?" మారుస్తారు. మన వాహనాల నంబర్లకి టీఎస్ పోయి 2024 మార్చిలో టీజీ వచ్చింది, "నంబర్ టీఎస్‌తో మొదలవ్వాలి" అని ఏ టూల్ వివరణలో రాసి ఉందో అది ఆ రోజు నుంచి కొత్త బండ్లన్నిటినీ తప్పు నంబర్లు అంటుంది. కోడ్ మార్చినవాడు వివరణ కూడా అదే పుల్ రిక్వెస్ట్‌లో, అంటే మార్పులు చూసి ఒప్పుకోమని పంపేదాంట్లో, మార్చాలి, రివ్యూ చేసేవాడు అది లేకపోతే వెనక్కి పంపాలి. బయటి ఏపీఐ విషయంలో అయితే రోజుకొకసారి తెలిసిన ఒక ప్రశ్న దానికి పంపి, అనుకున్న ఫీల్డులు, అనుకున్న తేదీ వరస వస్తున్నాయో లేదో చూసే చిన్న స్క్రిప్ట్ పెట్టుకోండి. ఆ స్క్రిప్ట్ ఫెయిలైన రోజు టూల్‌ని ఆపేయండి, "ఈ డేటా ప్రస్తుతం అందుబాటులో లేదు" అని ఎర్రర్ పంపించండి. యూజర్ కాస్త విసుక్కుంటాడు, పర్లేదు.